ఉన్ని మొలిచిన బైబిలు

నిన్న కుర్మాకి గసగసాలు వేయిస్తుంటే మా అత్త గుర్తొచ్చింది. గసగసాలు చూస్తే అత్తగారు గుర్తొచ్చే కోడలు ఈ లోకంలో ఇంకొకతె ఉంటుందని నేననుకోను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఆ గింజలు చేతిలోకి తీసుకుంటే చాలు, ఆమె నా ముందు నిలబడి జవాబు చెప్పమన్నట్టే ఉంటుంది.

డెబ్బైల చివరి మాట. పెళ్ళయి కావేరిపట్టణం నుంచి అత్తిముగం వచ్చిన కొత్త. వంటింట్లో తలుపు చాటున నిలబడి, ఈ ఇంట్లో ఏది ఎక్కడుంటుందో తెలియక దిక్కులు చూస్తున్నాను. అత్త చంకలో ఒక లావు పుస్తకంతో వచ్చి ఒక గోటి మీద ఆవగింజ, ఇంకో గోటి మీద గసగసం పెట్టి నా కళ్ళ దగ్గరికి తెచ్చింది.

"ఏది చిన్నదో చెప్పమ్మా. నువ్వు ఎనిమిది చదివినదానివి."

ఇదేదో కొత్త కోడలికి పెట్టే పరీక్ష అనుకున్నాను. భయపడుతూనే గసగసం చూపించాను.

"చూసినావా? ఆవగింజే అన్ని గింజల్లోకీ చిన్నదని ఈడ రాసుండాది. రాసినాయన గసాలు చూసుండడు. వాళ్ళ ఊర్లో కుర్మా చెయ్యరేమో" అంది.

అని ఊరుకోలేదు. వాకిట్లో గుంజకు కట్టేసిన నల్ల గొర్రె దగ్గరికి పోయి ఒక పీచు ఉన్ని పీకి, వేళ్ళ మధ్య నలిపి, చంకలో ఉన్న పెద్ద పుస్తకంలో ఆ పేజీలో పెట్టింది. మళ్ళీ పోయి తెల్ల గొర్రె నుంచి ఒక పీచు పీకి అదే పేజీలో పెట్టింది. మా నాన్న సంబంధం చూసేటప్పుడు పొలం గురించి అడిగాడు, గొర్రెల గురించి అడిగాడు, ఈ సంగతి ఎందుకు అడగలేదా అని నాకు ఏడుపొచ్చింది.

"తప్పుంటే ఆ పుస్తకం పారెయ్యొచ్చు కదత్తా" అన్నాను.

"యాల పారేసేది? గింజ కొలత తప్పు. అంత గింజలోంచి అంత చెట్టు లేస్తాదనేది నిజం. తప్పుకు నల్లది, నిజానికి తెల్లది. రెండూ ఉండాల" అంది.

ఆ పుస్తకం బైబిలు. మా ఇంట్లో అందరూ గంగమ్మకు పొంగలి పెట్టేవాళ్ళే. అత్త కూడా పెట్టేది. కానీ ఆదివారం వస్తే మటుకు సూళగిరి బస్సెక్కి ప్రార్థన మందిరానికి పోయేది. ఒకప్పుడు కాలు విరిగి కృష్ణగిరి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, పక్క మంచం మీది ముసలమ్మ ఇంటికి పోతూ ఆ పుస్తకం ఈమె చేతిలో పెట్టి పోయిందట. అత్త తెలుగు బడిలో మూడు దాకా చదువుకుంది. ఆ చదువుకు అప్పటి దాకా పనే తగల్లేదు. ఇంట్లో ఉన్న అచ్చు కాగితమల్లా గోడకు తగిలించిన అరవ క్యాలెండరే. మంచం మీద కదలలేక మొదటి పేజీ తెరిస్తే, నాలుగు పేజీలు తిరిగేసరికి గొర్రెలొచ్చాయి. తరవాత బావి కాడ తగవులు. తరవాత మామ అల్లుణ్ణి మోసం చెయ్యడం, సవతుల ఈర్ష్యలు, గొర్రెల పంపకాలు. "ఎవురో మన కథే తీసుకపోయి రాసినారమ్మా" అనేది నాతో.

ఆ మనుషుల గురించి ఆమె మాట్లాడే తీరు చూస్తే సొంత చుట్టాలనుకోవాల్సిందే. యాకోబుకు పెద్దకూతుర్ని అంటగట్టి మోసం చేసిన మామ లాబాను అంటే ఒళ్ళుమంట. "వాడు మీ కావేరిపట్టణం మామ మాదిరే" అనేది. కావేరిపట్టణం మామ అంటే మా నాన్న. పెళ్ళిలో ఇస్తానన్న పొట్టేలుకు బదులు ఇంకోటి తోలాడని ఆమె లెక్క. నేను మా నాన్న పక్షాన మాట్లాడబోతే, "నువ్వు లేయా మాదిరి మూతి ముడవొద్దు" అనేది. లేయా అంటే ఆ లాబాను పెద్దకూతురని అప్పటికి నాకు తెలియదు. ఏదో తిట్టు అనుకొని రెండు రోజులు మాట్లాడలేదు.

నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని పెట్టి పెట్టి ఆ పుస్తకం మూతపడేది కాదు. పురికొసతో కట్టి చంకలో పెట్టుకునేది. వానాకాలంలో దాని నుంచి తడిసిన గొర్రె వాసన. బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. ఒకసారి తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి వాసన పట్టి ఆ బైబిలు వెంటే తిరిగింది. అత్త గట్టు మీద కూర్చొని చదువుకుంటుంటే వచ్చి అట్టకు మూతి పెట్టి పాలకోసం పొడిచేది. "పుస్తకానికి బొచ్చు మొలిచిందని ఊరంతా నవ్వుతారత్తా" అంటే, "నవ్వనీ. దానికి గూడా తెలుసు ఈడ ఏదో ఉండాదని" అనేది.

తప్పులు పట్టడంలో ఆమెకు గొప్ప హుషారు. గబ్బిలాన్ని పక్షుల్లో కలిపారని నల్ల ఉన్ని. కుందేలు నెమరేస్తుందని రాశారని నల్ల ఉన్ని. ఇంక తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం మిగతా తొంభైతొమ్మిదినీ అడవిలో వదిలేసి పోయిన కాపరి కథ చదివినప్పుడైతే ఇంటిల్లిపాదినీ పిలిచింది.

"వీణ్ణి జీతానికి పెట్టుకుంటారా మీరు? ఒకదాన్ని తెచ్చేలోపల తోడేలు పది తింటాది."

నల్ల పీచు పెట్టింది. కాసేపటికి తెల్ల పీచు కోసం లేచింది. "గొర్రెలు మేపేవాడెవుడూ అట్ల చెయ్యడు. తప్పిపోయిందానికి తెలుసు అది ఎంత నిజమో" అంది. ఎందుకంది, ఆమె ఎప్పుడు తప్పిపోయింది అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆమె పట్టిన తప్పులన్నీ తప్పులేం కావు. పడవలో పోతుంటే గాలికి నీళ్ళు మనిషెత్తు లేచాయని ఉన్నచోట పిడికెడు నల్ల ఉన్ని కూరింది. ఆమె చూసిన పెద్ద నీళ్ళు కృష్ణగిరి డ్యామే. దాంట్లో గాలికి బట్టల ముడతల్లాంటి అలలే లేస్తాయి. మా ఆయన హోసూరులో ఫ్యాక్టరీ పనికి చేరిన కొత్తలో వాళ్ళమ్మను మద్రాసు తీసుకుపోయాడు. సముద్రం దగ్గర నిలబడి, "ఇదేంది, దీనికి అవతల గట్టు లేదా" అని అడుగుతుండగానే అల వచ్చి కొట్టింది. నడుం దాకా తడిసింది, ఒక చెప్పు పోయింది. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా పుస్తకం విప్పి ఆ నల్ల ఉన్నంతా పీకేసింది. "తప్పు నాది. పాపం వాళ్ళు నిజంగానే భయపడుంటారు" అంది. ఒక్క చెప్పుతోనే వాకిట్లో నిలబడి ఆ మాటన్న మా అత్తను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆమె మీద ప్రేమ పొంగుకొస్తుంది.

ఆదివారం మందిరంలో వాక్యం చదివేది ఆమే. ఆ గుంపులో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. అత్త గొంతు అడవి దాటి వినిపించే గొంతు. ఆకుపచ్చ చీర కట్టుకొని ముందుకెళ్ళి నిలబడేది. ఊళ్ళో పంచాయితీలో ఆడదాని మాట ఎవరూ వినరు. పెళ్ళిళ్ళలో ఆమెలాంటి వితంతువును ముందుకు రానివ్వరు. వారానికొకసారి ఆ నాలుగు గోడల మధ్య ఆమె నిలబడితే మగవాళ్ళు కూడా నోరు మూసుకొని వినేవారు. దాని కోసమే ఆమె మిగతా రోజులన్నీ బతికేదేమో అనిపించేది నాకు. చదవడం అయ్యాక, "ఈడ తప్పుండాది" అని చెప్పి, ఏది తప్పో చెప్పి, ఏది నిజమో కూడా చెప్పి దిగేది. అప్పటి పాస్టరు అయ్యగారు పెద్దవారు. చెవులు సరిగా వినపడేవి కావు. ఆమె ఏమన్నా చిరునవ్వుతో "ఆమేన్" అనేవారు. జనం కూడా "ఆమేన్" అనేవారు. అలా ఏళ్ళ తరబడి బైబిల్లో తప్పులన్నిటికీ సూళగిరి సంఘం ఆమోదం దొరికింది.

ఆ అయ్యగారు వయసు మీరి సొంతూరికి పోయాక కోస్తా వైపు నుంచి కొత్త అయ్యగారొచ్చారు. కుర్రవాడు. ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటు, తెల్లచొక్కా, మంచి చెవులు. మొదటి ఆదివారమే అత్త కుందేలు దగ్గర ఆగింది.

"ఈడ తప్పుండాది. కుందేలు నెమరెయ్యదు."

"ఆమేన్" అన్నారు జనం అలవాటు కొద్దీ.

అయ్యగారి మొహం ఎర్రబడింది. "అమ్మగారూ, దేవుని వాక్యంలో పొరపాటనేది ఉండదండీ. కుందేలు నోరాడిస్తూనే ఉంటుంది కదా" అన్నారు.

"నోరాడించేదంతా నెమరయితే మా ఆడబిడ్డ గూడా నెమరేసినట్లే" అంది అత్త.

జనం నవ్వారు. ఆ నవ్వుతోనే పని చెడింది. అయ్యగారు గొంతు తగ్గించి, కానీ గట్టిగా చెప్పారు. ఒక్క అక్షరం తప్పంటే మొత్తం తప్పన్నట్టేనని, అలా అనుకునేవారు వేదిక మీద నిలబడి చదవకూడదని. "ఇందులో తప్పు లేదని సభ ముందు ఒప్పుకోండి. ఆ రోజు నుంచి మళ్ళీ మీరే చదువుదురుగాని" అన్నారు.

ఇంటికొచ్చి అత్త ఆకుపచ్చ చీర మడిచి పెట్టెలో అడుగున పెట్టింది. ఆ రోజు రాగిముద్ద కెలకలేదు. "ఒప్పుకుంటే పోలేదా అత్తా, ఒక్క మాటే కదా" అన్నాను.

"దేవుని ముందర నిలబడి దేవుని కోసరం అబద్ధం చెప్పమంటావా? ఆయనకు నా అబద్ధం యాల?" అంది. తరవాత దొడ్లోకి పోయి, గొర్రెలకు ఆ రోజు చదవాల్సిన మిగతా భాగమంతా గట్టిగా చదివి వినిపించింది.

అయ్యగారు చెడ్డవారు కాదు. వారం తిరక్కుండానే రాజీకి మా ఇంటికొచ్చారు. పీట వేశాం. "మీకు ఇంకెక్కడెక్కడ తప్పులు కనపడ్డాయి అమ్మగారూ, చెప్పండి, నేను విడమరుస్తాను" అన్నారు. అత్త పురికొస విప్పింది. ఉన్ని ఎగిరి అయ్యగారి ఇస్త్రీ బట్టలంతా అంటుకుంది. ఆయన దులుపుకుంటుంటే అత్త నల్ల ఉన్ని అన్నిటికంటే ఎక్కువున్న చోటు తెరిచింది.

యాకోబు మామ దగ్గర గొర్రెలు మేపుతూ, పుట్టే పిల్లల్లో మచ్చలవి తనవి, మిగతావి మామవి అని ఒప్పందం చేసుకుంటాడు. పచ్చి కర్రలు తెచ్చి, అక్కడక్కడ తొక్క చెక్కి, చారలు చేసి, గొర్రెలు నీళ్ళు తాగే తొట్ల ముందు పెడతాడు. ఆ చారలు చూస్తూ చూలు కట్టిన గొర్రెలకు చారల పిల్లలు, మచ్చల పిల్లలు పుడతాయి.

"నన్నంటే అనిండొచ్చు. ఇది గొర్రెలకు అవమానమప్పా. కర్ర చూస్తే పిల్ల రంగు మారతాదా? అట్లయితే మా గొర్రెలు దినమూ బస్సు చూస్తాయి. ఎర్రపిల్లలు పుట్టల్ల గదా."

"నమ్మకంతో చేస్తే జరుగుతుందమ్మా."

"అయితే చేద్దాం. నమ్మకం నీది. గొర్రెలు నావి."

అలా కుదిరింది. మచ్చల పిల్ల పుడితే అత్త సభ ముందు తప్పు లేదని ఒప్పుకోవాలి. పుట్టకపోతే చదివే పని ఆయన ఆమెకు తిరిగి ఇవ్వాలి. తెల్ల గొర్రెలను వేరే దొడ్లోకి తోలి, వాటిలోకి తెల్ల పొట్టేలును వదిలాం.

బైబిల్లో చెప్పిన చెట్లు మా వైపు ఎవరూ చూసినవి కావు. అయ్యగారు ఆలోచించి వేప, కానుగ సరిపోతాయన్నారు. కొడవలి పట్టడం రాక వేలు కోసుకున్నారు. అత్త పసుపు అద్ది గుడ్డ కట్టింది. మొదటి రోజు కర్రలు నాటి ఆయన ప్రార్థన చేస్తుండగానే పక్కనుంచి మేకలొచ్చి తొక్కతో సహా తినేశాయి. మరునాడు మళ్ళీ చెక్కారు. ఈసారి గొర్రెలు ఆ తెల్ల చారలు చూసి బెదిరి నీళ్ళ దగ్గరికే రాలేదు. ఆయన గొడుగు పట్టుకొని తొట్టి పక్కన నిలబడి, "రండమ్మా, రండి, భయపడకండి" అని పిలిచేవారు. మా గొర్రెలను అంత మర్యాదగా పిలిచినవాళ్ళు అంతకు ముందు లేరు. తరవాత లేరు.

మధ్యాహ్నం అత్త ఆయనకు రాగిముద్ద పెట్టేది. ఆయన వరన్నం తిని పెరిగిన మనిషి. ముద్దను నమిలేవారు. నమిలేకొద్దీ అది నోట్లో పెరిగేది. "నమలకూడదప్పా, మింగల్ల" అని అత్త నేర్పించింది. కొన్నాళ్ళకు నేర్చుకున్నారు. ఒకరోజు రెండో ముద్ద అడిగారు. ఆ రోజు అత్త నా దగ్గరికొచ్చి, "మంచి బిడ్డే. ఎవురో పాడు చేసినారు" అంది.

ఆదివారాలు హోసూరు నుంచి వచ్చే ఒక గుమాస్తా వాక్యం చదివేవాడు. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదువుతుంటే జనానికి నిద్ర వచ్చేది. అత్త వెనక వరసలో కూర్చొని పెదాలు కదిపేది. ఒకసారి చూద్దామని నేనూ పోయాను. తప్పున్న చోటల్లా దగ్గింది. పాపం అయ్యగారు అది నిజం దగ్గనుకొని, మరునాడు దగ్గు మందు సీసా పంపించారు.

ఇంతలో సంత రోజు వచ్చింది. అయ్యగారు సూళగిరిలో ఉన్నారు, ఊరు సగం సంతకు పోయింది. నేనూ అత్తా దొడ్డి పక్కన పేడ ఎత్తుతున్నాం. పక్కింటి మునెప్పకు ఒక పొట్టేలు ఉండేది. ఒళ్ళంతా నల్లమచ్చలు, కొవ్వు పట్టి ఎవరి మాటా వినేది కాదు. అది కంపకోటను ఒక్క గెంతులో దాటి మా తెల్ల గొర్రెల మధ్యకు దూకింది. మేం పార, చీపురు పట్టుకొని పరిగెత్తేసరికి దాని పని అది చేసుకొని, వచ్చిన దారినే పోయింది.

"అయ్యగారికి చెప్పాలి కదత్తా" అన్నాను.

"ఒక్క దూకుడుకే నిలుస్తాదా యేమి? పుట్టేది తెల్లదయితే చెప్పే పనే లేదు. చూద్దాంలే" అంది. ఆమె గొంతులో నమ్మకం లేదు.

ఐదు నెలలకు ఈనడం మొదలయింది. అన్నీ తెల్లపిల్లలే. అయ్యగారి మొహం రోజురోజుకూ పీక్కుపోయింది. చివరికి ఒక గొర్రె ఈనింది. ఒక కంటి చుట్టూ నల్లటి కట్టు, నడుం మీద నాలుగు మచ్చలు. అయ్యగారు చూసి ఆ తెల్లప్యాంటుతో పేడలోనే మోకాళ్ళూని ఏడ్చేశారు.

"అమ్మా, నేను ఓడిపోయానని నిన్ననే అనుకున్నాను. ఇందులో ఒక్కటి తప్పని తేలినా ఈ పని మానేసి మా ఊరు పోదామని పెట్టె సర్దుకున్నాను. దేవుడు నన్ను నిలబెట్టాడు. ఈ ఆదివారం పిల్లను తీసుకురండి. తప్పు లేదని ఒక్క మాట చెప్పండి. ఆ వెంటనే మీరే వాక్యం చదవండి."

అత్త పిల్లను తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన పోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చుంది. నాకు అర్థమైంది. నోరు మూసుకుంటే ఆమెకు ఆమె చదువు తిరిగొస్తుంది, ఆయనకు ఆయన దేవుడు మిగులుతాడు. నిజం చెప్తే పందెం ఆమెదే గానీ, ఆయన పెట్టె పట్టుకొని ఊరు పోతారు, చదువు తిరిగిచ్చేవారే ఉండరు, ఇద్దరికీ నష్టమే. లాభమల్లా మునెప్ప పొట్టేలుకు, కాస్త పేరొస్తుంది.

"ఊరుకో అత్తా. ఎవరికి నష్టం?" అన్నాను. నిజంగానే అలా అనిపించింది నాకు.

శనివారం మధ్యాహ్నం ఆమె మేకకు పెరిగిన గిట్టలు కోస్తూ, ఆ కర్రల భాగం చదివి వినిపించమంది. నేను మొదలుపెట్టాను. నాకు కథ మొదలైతే మధ్యలో ఆపడం చేతకాదు. వారపత్రిక సీరియల్ దొరికితే అన్నం మాడబెట్టే రకం. అధ్యాయం అయిపోయినా తరవాత ఏమైందోనని పేజీ తిప్పి చదువుకుంటూ పోయాను. మామ మీద కోపమొచ్చి యాకోబు పెండ్లాలిద్దర్నీ పొలానికి పిలిపిస్తాడు. తనకొచ్చిన కల చెప్తాడు. మంద మీదికి ఎక్కుతున్న పొట్టేళ్ళన్నీ చారలవి, మచ్చలవి అని ఆ కలలో దేవదూత చూపించాడంటాడు. ఈ మంద తనకు దేవుడే ఇచ్చాడంటాడు. ఇప్పుడు కర్రల ఊసే ఎత్తడు.

అత్త చేతిలో కత్తి ఆగింది. మేక జారుకుంది.

"మళ్ళా చదువు."

మళ్ళీ చదివాను.

"ఇన్నేండ్లు తప్పు పట్టే తొందరలో పక్క పేజీ సరిగ్గా చూడలేదు చూడు" అంది. ఆ రాత్రికి ముద్ద ఆమే కెలికింది.

ఆదివారం మందిరం నిండిపోయింది. మచ్చల పిల్లను చూడాలని మా ఊరివాళ్ళు సగం మంది వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ళలో మునెప్ప కూడా ఉన్నాడు. అయ్యగారు పిల్లను ఎత్తుకొని అందరికీ చూపిస్తుంటే అది ఆయన చొక్కా మీద ఉచ్చ పోసింది. ఆయన పట్టించుకోలేదు. అత్తను ముందుకు పిలిచారు. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకొచ్చింది.

"మాట చెప్పే ముందర రవ్వంత చదవల్ల" అంది.

ఆయన సంతోషంగా తలూపారు. అత్త కర్రల కథ చదివింది. ఆగకుండా పక్క పేజీలో కల కూడా చదివింది. పుస్తకం మూసి ఆయన వైపు తిరిగింది.

"సంత దినం మా దొడ్లోకి మునెప్ప పొట్టేలు దూకిందయ్యా. నేను చూసినాను. నా కోడలు చూసింది. ఈ పిల్ల దానికి పుట్టింది."

గుమ్మం దగ్గర మునెప్ప ఛాతీ విరుచుకున్నాడు. "నా పొట్టేలంటే ఏమనుకున్నారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అయ్యగారి చేతుల్లో పిల్ల మటుకు అరుస్తోంది.

"యాకోబు కర్రలు చెక్కి, వాటి వల్లే పుట్టినాయనుకున్నాడు. అది తప్పు. తరవాత దేవుడు పొట్టేళ్ళను చూపించినాడు, ఇచ్చింది నేనని చెప్పినాడు. అది నిజం. అబద్ధాలాడేవాళ్ళు తమ తప్పులు దాస్తారు. వీళ్ళు దాచలేదు, పక్కపక్కనే రాసిపెట్టినారు. అందుకేనయ్యా నేను దీన్ని నమ్మేది" అంది అత్త.

అయ్యగారు బెంచీ మీద కూర్చున్నారు. "ఒక్కటి తప్పయితే అన్నీ తప్పేనని నేర్చుకొని వచ్చానమ్మా. ఇప్పుడు నేను దేన్ని పట్టుకోవాలి?" అన్నారు. మైకు లేని ఆ చిన్న గదిలో ఆ మాట అందరికీ వినపడింది. నాకు ఆయన మీద జాలేసింది. అత్త మీద కోపం కూడా వచ్చింది.

అత్త పోయి ఆయన పక్కన కూర్చుంది. "ముద్దలో రాయి తగిల్తే ఏం చేస్తావప్పా? రాయి ఊసేస్తావా, ముద్ద పారేస్తావా?"

"రాయి ఊసేస్తాను."

"మరి? కర్రలు నువ్వు చెక్కినావు. పొట్టేలు మునెప్పది. పిల్లను ఇచ్చింది మటుకు దేవుడు. దీంట్లో యాడన్నా తప్పుంటే చెప్పు."

ఆయన పిల్లను చూశారు, తడిసిన చొక్కాను చూసుకున్నారు. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. లేచి, వేదిక మీది బైబిలు రెండు చేతులతో తెచ్చి అత్త ముందు పట్టుకున్నారు.

"చదవండమ్మా. ఇకనుంచి మీరే."

లాక్కుంటుందనుకున్నాను. ఆ చదువు కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో ఇంట్లో ఉన్నదాన్ని నాకు తెలుసు. ఆమె చెయ్యి చాచింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఈ పొద్దు నువ్వే చదువప్పా. నీకు బైబిలు ఇప్పుడే గదా మొదలయ్యింది" అంది.

ఆయన పోయి వేదిక మీద నిలబడి పేజీ తెరిచేలోపల, వెనక వరసకు కూడా వినపడేటట్టు చెప్పింది.

"వచ్చే వారం నుంచి మటుకు నాదే."